బడి మైకులో మా పేర్లు

మా హైస్కూల్లో బహుమతి అంటే స్టీలు సామానే. మూడో బహుమతి గ్లాసు, రెండోది గిన్నె, మొదటిది పళ్లెం. ఒట్టి సామాను కాదు, మీద పేరు చెక్కించి ఇచ్చేవారు. కందుకూరు బజారులో పాత్రల దుకాణం అరుగు మీద ఒకాయన చిన్న ఉలీ సుత్తీ పట్టుకుని కూర్చునేవాడు. చుక్క పక్కన చుక్క కొట్టుకుంటూ అక్షరాలు తేల్చేవాడు. పెళ్లి సామాను మీద ఇంటిపేర్లు చెక్కే ఆ చేతులే మా పళ్లాల మీద పేరు, తరగతి, సబ్జెక్టు, సంవత్సరం చెక్కేవి. ఏడో తరగతిలో నాకు సాంఘికంలో వచ్చిన గ్లాసుతోనే చుట్టాలకు మంచినీళ్లు ఇచ్చేది మా అమ్మ. ఇచ్చేటప్పుడు పేరున్న వైపు వాళ్లకు కనపడేలా తిప్పి మరీ ఇచ్చేది.

ప్రకాశం జిల్లాలో మాది వర్జీనియా పొగాకు పండే ఊరు. నాన్నకు కొద్దిపాటి పొలం, మరో ఇద్దరితో కలిసి, పచ్చాకును మంట వేడికి ఆరబెట్టే ఒక బ్యారన్ ఉండేవి. సంక్రాంతి దాటేసరికి ఊరంతా పచ్చాకు వాసన. ఆకు కోయడం, కర్రలకు కట్టడం, బ్యారన్‌లో ఎక్కించడం, వారం పాటు రాత్రీ పగలూ మంట చూసుకోవడం. ఆ రోజుల్లో తరగతిలో సగం బెంచీలు ఖాళీ. ఆకు కట్టే పనికి పెద్దవాళ్లతో పాటు పిల్లలూ వెళ్లేవారు, ముఖ్యంగా ఆడపిల్లలు. హాజరు పట్టీలో జనవరి, ఫిబ్రవరి నెలలు గైర్హాజరు గుర్తులతో నిండిపోయేవి. పబ్లిక్ పరీక్షలేమో ఆ వెంటనే, మార్చిలో.

సరిగ్గా ఆ పని రోజుల మధ్యలో, జనవరి 26న మా బడిలో బహుమతుల సభ జరిగేది. దానికయ్యే డబ్బు ప్రభుత్వానిది కాదు. ఊళ్లో వడ్ల మిల్లు ఉన్న పెద్దాయన ఒకరు తన తల్లి పేరున బ్యాంకులో కొంత సొమ్ము వేసి, ఏటా వచ్చే వడ్డీని బడికి రాసిచ్చారు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. పొద్దున జెండా ఎగరేసిన వెంటనే సభ పెట్టకూడదు. కూలికి వెళ్లినవాళ్లు ఇళ్లకు చేరాక, దీపాలు పెట్టే వేళకు మొదలుపెట్టాలి. పిల్లల బహుమతులు పిల్లలే చూసుకుంటే లాభం లేదని, వాళ్ల అమ్మానాన్నలు చూడాలని ఆయన పట్టుదల. ఆయన ఆరో తరగతితో చదువు ఆపేసిన మనిషి. పిల్లల చదువు గురించి నేను తర్వాత విన్న ఉపన్యాసాల్లో దేనిలోనూ అంత తెలివైన మాట దొరకలేదు.

సభ రోజు మైకుసెట్టు అద్దెకు తెచ్చేవారు. వేపచెట్టుకు రెండు హారన్లు కట్టేవారు. ఒకటి ఊరి వైపు, ఒకటి దళితవాడ వైపు. హెడ్మాస్టారు ఒక్కొక్కరినీ పిలిచే పద్ధతి నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. ముందు తండ్రి పేరు, తల్లి పేరు, తర్వాత బిడ్డ పేరు, ఆపైన సబ్జెక్టు, మార్కులు. తల్లుల పేర్లు మైకులో వినపడటం అప్పట్లో మా ఊరికి కొత్త. ఫలానా వారి భార్యగా, ఫలానా వాడి తల్లిగా తప్ప ఎవరూ పేరు పెట్టి ఎరగని ఆడవాళ్ల పేర్లు ఆ రాత్రి వేపచెట్టు మీద నుంచి ఊరంతా వినేది.

నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది నా గ్లాసు గురించి కాదు, పదో తరగతిలో నా పక్కన కూర్చున్న అమ్మాయి గురించి. వాళ్లది దళితవాడ. తండ్రి బ్యారన్ల దగ్గర మంట చూసే పనివాడు. ఆకు రంగు తిరిగిందో లేదో తలుపు సందులోంచి ఒక్కసారి తొంగిచూసి చెప్పేవాడని ఆయనకు పేరు. కూతురికి లెక్కలంటే ప్రాణం. మాస్టారు బోర్డు మీద లెక్క సగం వేసేసరికే తను పుస్తకం మూసేసేది.

అప్పటికి మా ఊరి టీ కొట్లో రెండు రకాల గ్లాసులు ఉండేవి. దళితవాడ వాళ్లకు వేరే గ్లాసు, తాగి వాళ్లే కడిగి బోర్లించాలి. అప్పటి మా ప్రకాశం జిల్లాలోనే 1985 జులైలో కారంచేడు జరిగింది. మంచినీటి చెరువు దగ్గర మొదలైన గొడవ దళితుల ప్రాణాలు తీసేదాకా వెళ్లింది. ఆ తర్వాత చాలా కాలం మా ఊళ్లో కూడా ఒకళ్లనొకళ్లు చూసుకునే చూపు మారిపోయింది. పెద్దవాళ్లు మాట్లాడుకుంటూ మేము కనపడగానే ఆపేసేవారు. ఆ వాతావరణంలో వచ్చింది 1986 జనవరి 26.

అర్ధసంవత్సర పరీక్షల్లో లెక్కల్లో మొదటి బహుమతి తనకే. హెడ్మాస్టారు మైకులో వాళ్ల నాన్న పేరు, అమ్మ పేరు, తన పేరు చదివి, "లెక్కల్లో 100కు 98" అన్నారు. అని ఊరుకోకుండా, "తండ్రిగారు కూడా వేదిక మీదికి రావాలి" అని మళ్లీ పిలిచారు. ఆయన జనంలో చివర నిలబడి ఉన్నాడు. తలపాగా విప్పి చేతిలో పట్టుకుని ముందుకు వచ్చాడు. సర్పంచి లేచి నిలబడి పళ్లెం ఇచ్చాడు. ఇచ్చాక వాళ్ల నాన్న చేతులు కూడా పట్టుకున్నాడు. చప్పట్లు ముందు మా పిల్లల వైపు నుంచి మొదలయ్యాయి, తర్వాత పెద్దవాళ్లు కలిశారు. టీ కొట్లో వేరే గ్లాసు తీసుకోవలసిన మనిషి చేతిలో, ఊరంతా చూస్తుండగా, ఆయన బిడ్డ పేరు చెక్కిన పళ్లెం ఉంది.

పదో తరగతి కాగానే తనను ఒంగోలులో పొగాకు గ్రేడింగు పనికి పంపాలని ఇంట్లో అప్పటికే అనుకున్నారు. వాళ్ల అక్క అక్కడే చేసేది. సభ జరిగిన కొద్దిరోజులకు మిల్లు పెద్దాయన, హెడ్మాస్టారు కలిసి వాళ్లింటికి వెళ్లారు. నచ్చజెప్పడానికి వాళ్లకు ఎంతోసేపు పట్టలేదట. వాళ్ల నాన్న అన్న మాటను తను నాకు ఎన్నోసార్లు చెప్పింది. "నా బిడ్డ లెక్కలు ఊరందరికీ తెలిసిపోయాయి కదయ్యా, ఇంకెట్లా ఆపుతాను?"

ఆ పళ్లెం ఒక్కటే తన చదువు నిలబెట్టిందని నేను అనను. సాంఘిక సంక్షేమ శాఖ హాస్టల్ లేకపోతే, ఉపకారవేతనం లేకపోతే ఎంత పేరొచ్చినా బస్సెక్కి కాలేజీకి వెళ్లగలిగేది కాదు. తను ఇంటర్, డిగ్రీ చదివి, పోటీ పరీక్ష రాసి బ్యాంకులో చేరింది. ఇప్పుడు మేనేజరు. అయితే పిల్లలను అందరి ముందూ సత్కరించాలా వద్దా అనే చర్చ వచ్చినప్పుడల్లా నాకు తండ్రి అన్న ఆ మాటే గుర్తొస్తుంది. ఆ సత్కారం పిల్ల కోసం చేసింది మాత్రమే కాదు. పిల్ల చదువు ఎవరి చేతుల్లో ఉందో వాళ్ల కోసం చేసింది. తన లెక్కల సంగతి తనకు ముందే తెలుసు. ఊరికి తెలియదు. ఊరికి తెలియడం వల్లే తన చదువు ఆపడం కష్టమైంది. హెడ్మాస్టారు గదిలోకి పిలిచి భుజం తట్టి ఇచ్చి ఉంటే ఆ పళ్లెం వాళ్లింట్లో ఒక సామానుగా మిగిలేది.

అదే బడిలో ఇంకొకటి కూడా అందరి ముందే జరిగేది. పరీక్షల తర్వాత ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చేటప్పుడు ఒక మాస్టారు మొదటి ర్యాంకు నుంచి వరుసగా పిలిచేవారు. పిలుపు వచ్చినవాళ్లు కార్డు తీసుకుని కూర్చోవాలి, మిగతావాళ్లు నిలబడే ఉండాలి. వరుస కిందికి వెళ్లేకొద్దీ పేర్ల వెనక వ్యాఖ్యలు చేరేవి. చివరికి ముగ్గురో నలుగురో నిలబడి ఉండేవారు. వాళ్లు ఎవరో ముందే అందరికీ తెలుసు, అయినా చివరి పేరు దాకా చదివేవారు. ఎప్పుడూ ఆఖరున మిగిలే ఒక అబ్బాయి ఉండేవాడు. బడి బోరింగు పంపు ఆగిపోతే వాషరు మార్చి బాగుచేసేది అతనే. ఎండాకాలంలో మేమంతా తాగిన నీళ్లు అతని చేతి పని వల్ల వచ్చినవే. దాని గురించి ఆ బడిలో ఎవరూ మైకులో చెప్పలేదు. తొమ్మిదో తరగతి అర్ధసంవత్సర పరీక్షల కార్డులు ఇచ్చిన రోజు తర్వాత అతను మళ్లీ బడికి రాలేదు.

రోజూ పొద్దున అసెంబ్లీలో చేతులు చాచి మేము చెప్పిన ప్రతిజ్ఞ ఒక తెలుగాయన రాసిందే. పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉండగా 1962లో రాశారు. భారతీయులందరూ నా సహోదరులు అని దేశమంతా పిల్లల చేత పలికించింది ఆ ప్రతిజ్ఞే. అది చెప్పి లోపలికి వెళ్లిన పిల్లలను ఒకటి నుంచి నలభై దాకా వరుసలో నిలబెట్టి, ఆఖరువాడి మీద తరగతి చేత నవ్వించడం ఏ పాఠ్యప్రణాళికలోనూ లేదు. పైకి ఎక్కించడానికి మైకు పట్టుకోవడం వేరు, చిట్టచివర ఎవరున్నారో చూపించడానికి గొంతు పెంచడం వేరు. మొదటిది బడి మానకూడదు, రెండోది ఏ బడిలోనూ ఉండకూడదు. ఈ రెండింటినీ కలిపి ఒకే మాటగా, ర్యాంకులు మంచివా చెడ్డవా అని వాదించుకోవడం వల్లే మన చర్చలు ఎక్కడికీ పోవు.

పదో తరగతి ఫలితాలు అప్పట్లో పేపరులో నంబర్లుగా వచ్చేవి. బస్టాండులో పేపరు కట్ట దిగగానే నలుగురైదుగురు ఒకే పేజీ మీద వంగేవారు. నంబరు ఉంటే పాస్, లేకపోతే లేదు. 600కు 360 వస్తే ఫస్ట్ క్లాస్. మొదటి పేజీలో రాష్ట్రం మొత్తంలో ముందున్న పిల్లల ఫోటోలు ఉండేవి. వాళ్లలో తరచు గురుకులాల పిల్లలు కనపడేవారు. 1971లో సర్వేలులో మొదలై, మరుసటి ఏడాది తాడికొండకూ కొడిగెనహళ్లికీ విస్తరించిన ప్రభుత్వ గురుకుల పాఠశాలల పిల్లలు. పల్లెటూరి రైతుల, కూలీల బిడ్డలు. నాన్న ఆ ఫోటోలు చూపించి, "ఇదుగో, తాడికొండ మన పక్క జిల్లానే" అనేవాడు. ఆ మాటలో నన్ను ఎవరితోనో పోల్చి తక్కువ చేసిన ధ్వని లేదు. మనలాంటి ఇంటి పిల్లకూ ఇది జరుగుతుంది అన్న సంతోషమే ఉంది.

తర్వాత పెళ్లి, హైదరాబాదు, ఉద్యోగం. మా అమ్మాయి 2010లో పదో తరగతి ఒక ప్రైవేటు పాఠశాలలో రాసింది, మంచి మార్కులు వచ్చాయి. కొన్నాళ్లకు మా చౌరస్తాలో పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. పది వరుసల్లో పిల్లల ఫోటోలు, తపాలా బిళ్లంత ఒక్కొక్కటి. వాటి మధ్య మా అమ్మాయి. ఫోటో కింద మార్కులు ఉన్నాయి, పేరు లేదు. తల్లిదండ్రుల ఊసు సరేసరి. పాఠశాల పేరు మాత్రం రోడ్డు అవతలి నుంచి చదవగలిగినంత ఉంది, కింద అడ్మిషన్ల ఫోన్ నంబర్లు. దాని ముందు నిలబడి నేను చాలాసేపు కదల్లేకపోయాను. మా హెడ్మాస్టారు మైకులో పేర్లు చదివింది మా తల్లిదండ్రులు వినాలని. ఈ ఫ్లెక్సీ కట్టింది ఇంకెవరి తల్లిదండ్రులో చూసి వచ్చే ఏడాది ఫీజు కట్టాలని. దీన్ని సత్కారం అనడానికి నాకు నోరు రాలేదు.

ఇంటర్‌లో అయితే వారం వారం పరీక్ష, దాన్నిబట్టి సెక్షన్. ఒక వారం మార్కులు తగ్గితే సోమవారం పొద్దున పుస్తకాలు సర్దుకుని కింది సెక్షన్‌కు నడవాలి. మా అమ్మాయి ఆ నడక గురించి ఇంట్లో చెప్పలేదు, తన స్నేహితురాలి తల్లి చెబితే తెలిసింది. వెంటనే ఆ కాలేజీ మాన్పించి వేరేచోట చేర్చాం.

ప్రభుత్వాలు ఈ జబ్బును గుర్తించకపోలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2012 నుంచి పదో తరగతిలో మార్కుల బదులు గ్రేడ్లు ఇచ్చారు. వెంటనే ప్రకటనల్లో ర్యాంకులు పోయి, పదికి పది జీపీఏ ఎంతమందికి వచ్చిందో లెక్కలు వచ్చి కూర్చున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఫలితాలతో మార్కులు తిరిగొచ్చాయి. అదే ఏడాది పాఠశాలలు ర్యాంకులు ప్రకటించుకోకూడదని, మీరితే జైలు శిక్ష ఉంటుందని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. 2023లో సీబీఎస్ఈ కూడా అనారోగ్యకరమైన పోటీ వద్దని మెరిట్ జాబితా ప్రకటించలేదు. తెలంగాణలో 2025 పదో తరగతి ఫలితాల్లో మళ్లీ మార్కులు కనిపించాయి.

ర్యాంకుల ప్రకటనలను నిషేధించిన మరుసటి ఏడాదే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆణిముత్యాలు పేరుతో ప్రభుత్వ బడుల పిల్లలను సత్కరించింది. రాష్ట్రంలో మొదట నిలిచిన పదో తరగతి విద్యార్థికి లక్ష రూపాయలు, పాఠశాల స్థాయిలో మొదటి ముగ్గురికి మూడు వేలు, రెండు వేలు, వెయ్యి. ప్రభుత్వం మారాక 2025లో షైనింగ్ స్టార్స్ పేరుతో మళ్లీ అలాంటి పురస్కారాలు ఇచ్చారు. ఒక చేత్తో నిషేధిస్తూ ఇంకో చేత్తో ఇవ్వడం ఏమిటని మా బంధువుల్లో కొందరు విమర్శించారు. నాకు అందులో వైరుధ్యం కనపడలేదు. అమ్ముకోవడానికి వాడుకోవద్దని చెప్పి, బిడ్డ చేతికి మాత్రం ఇచ్చారు. రాష్ట్రస్థాయి లక్ష కన్నా పాఠశాల స్థాయి వెయ్యి రూపాయలే నాకు ఎక్కువ నచ్చాయి. లక్ష అందుకున్న పిల్ల ఎవరో ఊళ్లకు తెలియదు. వెయ్యి అందుకున్న పిల్ల పక్క వీధిలో ఉంటుంది.

బహుమతుల వల్ల చదువు మీద ఇష్టమే పోతుందనేవాళ్ల మాటనూ నేను కొట్టిపారేయను. 1973లో అమెరికాలో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు పరిశోధకులు బొమ్మలు వేయడమంటే ఇష్టపడే నర్సరీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. బొమ్మ వేస్తే రిబ్బను అంటించిన ప్రశంసాపత్రం ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. కొందరికి ఏమీ చెప్పకుండా, వేశాక ఇచ్చారు. మిగతావాళ్లకు అసలు ఇవ్వలేదు. కొన్నాళ్ల తర్వాత చూస్తే, ముందే ఆశ చూపిన పిల్లలు తమంతట తాము బొమ్మలు వేయడం తగ్గిపోయింది. చెప్పకుండా ఇచ్చినవాళ్లలో ఆ తగ్గుదల లేదు. దీని గురించి చదివినప్పుడు నేను మా అమ్మాయి వారం పరీక్షల గురించి ఆలోచించాను. ఏడాదికి ఒక సాయంత్రం జరిగే సభ ఇష్టాన్ని చంపదు. ప్రతి సోమవారం ఎదురుగా వేలాడే ర్యాంకు చంపుతుంది.

నాలుగేళ్ల కిందట మా పదో తరగతి వాళ్లమంతా బడిలో కలిశాం. మిల్లు పెద్దాయన పోయి చాలా కాలమైంది. ఆయన వేసిన సొమ్ము మీద వడ్డీ ఇప్పుడు ఒక డిక్షనరీకి కూడా చాలదు. సభ జరగడం ఎప్పుడో ఆగిపోయిందట. అందరం తలా కొంత వేసుకుని నిధి మళ్లీ నిలబెట్టాం. ఎవరికి ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి అన్న దగ్గర మాత్రం రాత్రి పొద్దుపోయేదాకా వాదనలు జరిగాయి. ఒకతను మొదటి ర్యాంకుకు పెద్ద మొత్తం ఒక్కటే ఇద్దామన్నాడు. ఒకామె పిల్లలందరికీ తలా ఒక పెన్ను ఇస్తే గొడవే ఉండదంది. అందరికీ ఇస్తే అది పండగ, మంచిదే, కానీ ఏ తండ్రినీ వేదిక మీదికి పిలిచే పని ఉండదు కదా అని నేను అన్నాను.

చివరికి ప్రతి సబ్జెక్టుకూ ఒకరు అనుకున్నాం. త్రైమాసిక పరీక్షల నుంచి అర్ధసంవత్సర పరీక్షలకు బాగా ముందుకు వచ్చిన పిల్లకు ఒకటి. పొగాకు పని రోజుల్లోనూ బడి మానని పిల్లకు ఒకటి. బడిలో అందరికీ పనికొచ్చే పని చేసినవాళ్లకు ఇంకొకటి. ఈ చివరిది పెట్టాలన్నప్పుడు ఎవరూ పేరు పలకలేదు గాని, మా అందరికీ బోరింగు పంపే గుర్తొచ్చింది. సభ సాయంత్రమే. పళ్లాల బదులు పుస్తకాలు, పిల్ల పేరున బ్యాంకు ఖాతాలో కొంత సొమ్ము. ఖాతాల పని నా పక్క బెంచీ స్నేహితురాలు చూసుకుంటుంది.

నాకూ తనకూ తేడా వచ్చింది ఒక్క విషయంలోనే. మైకులో పేర్లు చదవండి, మార్కులు వద్దు అన్నాను నేను. మా అమ్మాయి ఫ్లెక్సీ చూశాక నాకు ఫోటో కింది అంకెలంటేనే భయం పట్టుకుంది. తను ఒప్పుకోలేదు.

"మా నాన్నకు అక్షరం రాదు. నా ప్రోగ్రెస్ కార్డు మీద వేలిముద్ర వేసేవాడు. 98 అన్న అంకె ఆయనకు తెలిసింది మైకులో చదివినప్పుడే. వందకు ఎంత తక్కువో ఆయన కూలి లెక్కల్లోంచి వెంటనే అర్థం చేసుకున్నాడు. నువ్వు వద్దంటున్నది ఆ అంకెనే. బహుమతి వచ్చినవాళ్ల మార్కులు చదవాలి, రానివాళ్లవి ఎవరివీ చదవకూడదు. అంతే" అంది.

ఆ మాట మీదే తీర్మానం రాసి హెడ్మాస్టారికి ఇచ్చాం. అప్పటి నుంచి ఏటా అలాగే చదువుతున్నారు.